అడుగు తక్కువ స్థలం

మా మామయ్య దగ్గర పనికి చేరిన మొదటి రోజు నేను నేర్చుకున్న విద్య ఫ్యాను ఆపడం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. వాళ్ళకేం, చల్లటి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని గీస్తారు, తప్పొస్తే ఒక మీట నొక్కి వెనక్కి పోతారు. మాది ట్రేసింగ్ కాగితం. ఫ్యాను తిరిగితే కాగితం లేస్తుంది, కాగితం లేస్తే సిరా అలుక్కుపోతుంది, అలుక్కుపోతే బ్లేడు ముక్కతో గీకి, గోటితో రుద్ది నునుపు చేసి మళ్ళీ గీయాలి. అందుకని నడి ఎండాకాలంలో కూడా గీత లాగేటప్పుడు ఫ్యాను ఉండదు. మణికట్టు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి పని చేసేవాళ్ళం. అబద్ధమెందుకు, ఆ ఉక్క తలుచుకుంటే ఇప్పటికీ నాకు బెంగగా ఉంటుంది.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. డ్రాఫ్ట్స్‌మన్. అంటే ఆర్కిటెక్టు ఊహించినదాన్ని కొలతలతో కాగితం మీద పెట్టేవాడు. ఈ ముక్క ఆయన ముందు అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఊహించడానికేం, ఎవరైనా ఊహిస్తారు. తలుపు తెరిస్తే మంచానికి తగులుతుందా లేదా అని చూసేవాడు ఒకడుండాలిగా" అనేవాడు. మా ఆఫీసు ఒక టైలరు షాపు మీద రెండు గదులు. ముందు గదిలో ఆర్కిటెక్టు. ఆయన్ని మేం పెద్దాయన అనేవాళ్ళం. వెనక గదిలో మామయ్య బల్ల, నా బల్ల. స్నానాల గదిలో ప్రింట్లు తీసే మిషను. దాని అమ్మోనియా ఘాటుకి కళ్ళు మండేవి. కింద కుట్టుమిషన్లు రోజంతా టకటకమంటుంటే, నాకు ఇరవై ఏళ్ళు, మామయ్యకు యాభై, ప్రపంచమంతా మా స్కేలు కర్ర కింద ఉన్నట్టే ఉండేది.

కొలవడం ఆయనకు రోగం. చుట్టాలింటికి వెళ్ళినా మెట్టు ఎత్తు జానతో కొలిచి గానీ మెట్టెక్కడు. హోటల్లో కూర్చుంటే బల్లకీ కుర్చీకీ మధ్య బెత్తెడు తక్కువైందని గొణుగుతాడు. మా అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు, నాలుగు రోజులకోసారి ఈ కథ చెప్పేది. "నన్ను చూడటానికొచ్చిన రోజు నన్ను చూస్తేనా? మా గుమ్మం వంక చూసి 'కొంచెం ఎత్తు తక్కువ' అన్నాడు. నన్నేననుకుని లోపలికెళ్ళి ఏడ్చాను." మామయ్య తల ఎత్తకుండానే జవాబిచ్చేవాడు. "ఆ గుమ్మం నిజంగానే తక్కువే."

ఇక ఆయన టేపు. తోలు డబ్బాలో చుట్టుకునే యాభై అడుగుల ఉక్కు టేపు. ఎప్పుడో ఒక లారీ చక్రం కింద పడి దాని మొదటి అడుగు నలిగిపోయింది. ఈయన ఆ అడుగు ముక్క కత్తిరించేసి, ఒకటి అంకె ఉన్నచోట కొక్కెం బిగించుకున్నాడు. అంటే ఆ టేపుతో ఏది కొలిచినా ఒక అడుగు ఎక్కువ చూపిస్తుంది. చదివినవాడు మనసులో ఒకటి తీసేసి చెప్పాలి. కొలతకు వెళ్ళినప్పుడు కొక్కెం గోడకు ఆనించి పట్టుకోవడం నా పని. అవతలి కొసన చదవడం, ఒకటి తీసేయడం, పుస్తకంలో రాయడం ఆయన పని. "కొత్తది కొనుక్కోవచ్చుగా మామయ్యా" అని అడిగాను చేరిన కొత్తలో.

"ఇది ఎంత అబద్ధమాడుతుందో నాకు తెలుసు. కొత్తది ఎంత ఆడుతుందో ఎవరు చెప్పగలరే" అన్నాడు.

నేను చేరిన రెండో ఏడు డాక్టరమ్మ మా మెట్లెక్కింది. పిల్లల ఆసుపత్రిలో పనిచేసేది. నలభై ఏళ్ళుంటాయి, బక్కపల్చటి మనిషి, మాట మాత్రం సుత్తి దెబ్బ. పసిపిల్లలకు వచ్చే ఒక నెత్తురు జబ్బు మీద పరిశోధన చేస్తోంది. ఎక్కడ చేస్తోందో చూసి మామయ్య నోరు తెరిచాడు. ఒకప్పుడు దుప్పట్లు దాచుకున్న రెండు గదులు అవి. పక్కనే లిఫ్టు. లిఫ్టు కదిలితే మైక్రోస్కోపు కింద కణాలన్నీ వణుకుతాయి. అందుకని లిఫ్టు ఆగినప్పుడే ఆవిడ చూడాలి. ఆసుపత్రి ట్రస్టు ఎట్టకేలకు ఒక పరిశోధనశాల కట్టిస్తామంది. అయితే ట్రస్టు సెక్రటరీ ఊరి బయట బోలెడు ఖాళీ స్థలం చూపించి, అక్కడ హాయిగా కట్టుకోమన్నాడు.

"బిడ్డ ఒంట్లోంచి నెత్తురు తీసిన అరగంటకి కణాలు చావడం మొదలెడతాయండీ" అంది డాక్టరమ్మ మా బల్ల ముందు నిలబడే. "ఊరి బయటికి కారులో తీసుకెళ్ళడానికి గంటంపావు పడుతుంది. అప్పుడు నేను చూసేది జబ్బుని కాదు, శవాన్ని. నాకు వార్డు పక్కనే కావాలి. ఎంత చిన్నదైనా సరే."

వార్డు పక్కన ఉన్నది ఒకటే జాగా. వార్డు వెనక గోడకీ, సందు వైపు ప్రహరీకీ మధ్య పొడుగ్గా ఒక పేలిక. రెండు కొసల్లో కొంచెం వెడల్పు, నడుమ దగ్గర నొక్కేసినట్టు ఇరుకు. ఆ నడుములోనే జనరేటరు గది, చుట్టూ ముళ్ళపొదలు. రెండు వైపులా అయిదేసి అడుగులు ఖాళీ వదలాలని పురపాలక నిబంధన. పెద్దాయన చూసి, జేబురుమాలుతో ముక్కు మూసుకుని, "ఇది స్థలం కాదయ్యా, సందు" అన్నాడు. కమిటీ కూడా షరతు పెట్టింది. నిబంధనలు తప్పకుండా ఆ జాగాలో ఇమిడితే అక్కడ, ఇమడకపోతే ఊరి బయట. డాక్టరమ్మ ఎనిమిదేళ్ళ పని ఆ ఇరుకు నడుము వెడల్పు మీద ఆధారపడింది.

"కొలిచి చూద్దాం" అన్నాడు మామయ్య. ఆయన దేనికైనా అనే మాట అదే.

ఆ కొలత రోజు నాకు నిన్నటిలా గుర్తు. ఉండదూ మరి. పొద్దున్నుంచీ స్థలం అంతా ఎప్పటిలాగే కొలుచుకొచ్చాం, నేను కొక్కెం, ఆయన చదవడం. నడుము దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. ప్రహరీ దాకా వెళ్ళాలంటే జనరేటరు గదికీ ముళ్ళకంపకీ మధ్య ఉన్న ఇరుకులోంచి దూరాలి. మామయ్యకు అప్పటికే చిన్న పొట్ట. రెండుసార్లు పక్కకు తిరిగి ప్రయత్నించాడు, చొక్కా గుండీ ఒకటి తెగింది. "నువ్వెళ్ళు పిల్లా, నేను కొక్కెం పట్టుకుంటా" అన్నాడు. నేను టేపు డబ్బా పట్టుకుని దూరాను. జడ ముళ్ళకు చిక్కుకుంది. తల మీద గోడకు కందిరీగల పట్టు. ప్రహరీకి టేపు ఆనించి, కళ్ళు చిట్లించి చదివి, "ముప్ఫై నాలుగడుగుల నాలుగంగుళాలు" అని అరిచాను. మామయ్య వార్డు గోడ దగ్గర కొక్కెం బొటనవేలితో నొక్కిపట్టి, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకున్నాడు. నేను బయటపడి జడ విడిపించుకుంటూ ఉంటే, "కందిరీగ కుట్టిందా ఏంటి, అంత గట్టిగా అరిచావు" అని నవ్వాడు.

నేను చదివింది చదివినట్టు చెప్పాను. ఎప్పుడూ ఆయనే తీసేస్తాడు కాబట్టి ఇప్పుడూ ఆయనే తీసేస్తాడనుకున్నాను. చదివినవాళ్ళే తీసేయాలి కాబట్టి నేను తీసేసి చెప్పాననుకుని ఆయన రాసుకున్నాడు. ఆ జాగా నడుము అసలు వెడల్పు ముప్ఫై మూడడుగుల నాలుగంగుళాలు. ఈ సంగతి అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

తర్వాత రెండు నెలలు మామయ్య ఆ బిల్డింగుతోనే బతికాడు. నా ఉద్యోగంలో అంత మంచి రోజులు మళ్ళీ రాలేదు. పరిశోధనశాల అంటే నాలుగు గదులు కట్టి బల్లలు వేయడం కాదని ఆయన వెనకాల తిరిగి నేర్చుకున్నాను. శుభ్రమైన సామాను వచ్చే దారిలో మురికి సామాను పోకూడదు. ఘాటు మందులు కలిపే గాజు అరల్లో దేని పొగగొట్టం దానికి విడిగా మేడ మీదికి వెళ్ళాలి. మైక్రోస్కోపులకు నేల కదలకూడదు. జనరేటరు అదురు తగలకుండా, ఆ గది మధ్యలో నేలకు అంటకుండా, పునాది నుంచి విడిగా ఒక రాతి దిమ్మ లేపి దాని మీద మైక్రోస్కోపు బల్ల పెట్టించాడు. ఇవన్నీ ఆ పేలికలో. ఒక అంగుళం అటు జరిగితే ఇటు ఏడుపు.

ఒకరోజు మా ఆఫీసు డాబా మీద సుద్దముక్కతో ఒక గది అసలు సైజులో గీశాడు. బల్లలకు బదులు అట్టపెట్టెలు పేర్చాడు. డాక్టరమ్మను పిలిచాడు. ఆవిడతోపాటు గాజు గొట్టాలు కడిగే ఆవిణ్ణి కూడా పిలిచాడు. పెద్దాయనకు అర్థం కాలేదు. "కడిగే మనిషి ఎందుకయ్యా?"

"రోజుకి నలభై సార్లు ట్రే పట్టుకుని తిరిగేది ఆవిడే సార్. డాక్టరుగారు కూర్చుంటారు" అన్నాడు మామయ్య.

డాక్టరమ్మనూ నన్నూ వీపులు ఎదురెదురుగా అట్టపెట్టెల ముందు నిలబెట్టి, మా మధ్యనుంచి ఆ గొట్టాల ఆవిణ్ణి ట్రేతో నడవమన్నాడు. ఆవిడ రెండడుగులు వేసి ఆగింది. "నా తుంటికి తగుల్తోంది సార్" అంది సిగ్గుపడుతూ. మామయ్య ఆ గీత చెరిపి మూడంగుళాలు జరిపాడు. మళ్ళీ నడిచింది. "ఇప్పుడు బాగుంది" అంది. ఆ బిల్డింగులో గది వెడల్పు అలా తేలింది. పుస్తకాల్లో ఏముందో ఆయన చూశాడు, కానీ చివరి మాట ఆ గొట్టాల ఆవిడ తుంటిది.

పెద్దాయన బిల్డింగు ముఖం గీశాడు. తెల్లగా, నున్నగా, ఎక్కడా ఒక్క పొగగొట్టం కనపడకుండా. గొట్టాలన్నీ లోపలి గోడ వెంట అడుగున్నర మందం గూట్లో దాచారు. ముప్ఫై నాలుగడుగుల నాలుగంగుళాలలో పది వదిలేసి, మిగిలినదాంట్లో గోడలు, గూడు, గది, అయిదడుగుల నడవ, అన్నీ కుదిరాయి. కమిటీ చూసి సరేనంది. డాక్టరమ్మ ఆ నక్షా మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలా నిలబడింది. ఆ తర్వాత పెద్దాయన ఒక మాట అన్నాడు. పని పూర్తయ్యాక రాతిఫలకం మీద నా పేరు పక్కన నీ పేరూ ఉంటుందయ్యా అని. మామయ్య ఆ రోజు ఇంటికెళ్తూ దారిలో మూడుసార్లు నాతో, "ఊరికే అన్నాడంటావా?" అని అడిగాడు.

పునాది తవ్వడానికి ముగ్గు పోసే రోజు వచ్చింది. ముళ్ళకంప కొట్టేశారు. జనరేటరు గది మరోచోటికి మార్చారు. పెద్దాయన, డాక్టరమ్మ, సెక్రటరీ, అందరూ వచ్చారు. మేస్త్రీ తన కొత్త టేపు పరిచి నడుము దగ్గర కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మూడోసారి కొలిచి మామయ్య దగ్గరికొచ్చి, నలుగురూ వినకుండా చెప్పాలని గొంతు తగ్గించాడు గానీ ఆ గొంతు తగ్గేది కాదు. "సారూ, అడుగు తక్కువొస్తోంది."

మామయ్య తన టేపు తీశాడు. కొక్కెం తగిలించి అవతలి గోడ దాకా తనే నడిచాడు. అంకె మీద వేలు పెట్టుకుని చాలాసేపు వంగి నిలబడ్డాడు. తర్వాత పుస్తకం తెరిచి ఆ పేజీ చూశాడు. అంకె ఆయన చేతిరాతలోనే ఉంది. ఆ క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది. ముళ్ళు, కందిరీగలు, నా అరుపు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. తీసేయలేదు. నేను తీసేయలేదు.

"ఎవరు కొలిచారు?" అన్నాడు పెద్దాయన.

"నేనే సార్. టేపు నాది, రాత నాది. ఒకటి తీసేయడం మర్చిపోయాను" అన్నాడు మామయ్య. అని నా వైపు చూశాడు. నువ్వు నోరెత్తకు అని ఆ చూపుకు అర్థం చెప్పుకున్నాను నేను. చెప్పుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి చెప్పుకున్నాను. తేలు కుట్టిన దొంగలా గమ్మున ఉండిపోయాను.

సెక్రటరీ మొహం వెలిగింది. "నేను మొదట్నుంచీ చెబుతున్నాను కదండీ, ఈ సందులో అయ్యే పని కాదని" అన్నాడు. అడుగు తగ్గితే నడవ నాలుగడుగులవుతుంది, అగ్నిమాపకం వాళ్ళు ఒప్పుకోరు. గది తగ్గిద్దామంటే వీపులు ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్య ట్రే పోదు. డాక్టరమ్మ ముగ్గుడబ్బా మీద కూర్చుంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. పెద్దాయన సెక్రటరీని బతిమాలి మూడు రోజులు గడువు అడిగాడు. మామయ్య వైపు మాత్రం చూడలేదు.

రెండు రోజులు మామయ్య బల్ల మీద కాగితం పరుచుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. గీత గీయలేదు. రెండో రోజు మధ్యాహ్నం అత్తయ్య క్యారేజీ తీసుకుని మెట్లెక్కి వచ్చింది. సంగతి నా నోట వింది, నా తప్పు మాట మినహాయించి. నక్షా వంక అయిదు నిమిషాలు చూసింది.

"ఈ గూడేంటి?"

"గొట్టాలకి" అన్నాను.

"అంత చోటు గొట్టాలకా? మనింట్లో వంటిల్లు ఇరుకని సిలిండరు కిటికీ బయట పెట్టి గోడకి కన్నం పొడిచింది ఎవరు? వంట కావట్లేదా?" అంది మామయ్యతో. "ఇల్లు ఇరకటం, ఆలు మర్కటం అని నన్ను ఆడిపోసుకోవడం కాదు, తినండి ముందు."

మామయ్య తినలేదు. నిబంధనల పుస్తకం తీశాడు. గోడ దాటి అడుగున్నర దాకా చూరు, ఎండతడక లాంటివి ఖాళీ జాగాలోకి చొచ్చుకు రావచ్చునని అందులో ఉంది. పొగ గొట్టాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నాకు చూపించి ఆ వరుస నాతో పైకి చదివించాడు. రెండుసార్లు చదివించాడు. ఆ తర్వాత కాగితం మీద గూడు కొట్టేసి, గొట్టాలన్నిటినీ గోడ బయటికి తెచ్చి నిలబెట్టాడు. పోయిన అడుగు తిరిగొచ్చింది, పైన ఆరంగుళాలు మిగిలాయి కూడా.

పెద్దాయన ఆ కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆయన గీసిన తెల్లటి ముఖం మీద పదహారు గొట్టాలు. "నా బిల్డింగుకి పేగులు బయట పెడతావుటయ్యా?"

"పేగులు బయటుంటే డాక్టర్లకి చూసుకోడానికి సులువు సార్" అన్నాడు మామయ్య, మొహంలో నవ్వు లేకుండా. పెద్దాయన కాసేపు ఉగ్గబట్టుకున్నాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నిజంగానే ఏ గొట్టం పాడైనా లోపల పని ఆపకుండా బయటినుంచే బాగుచేసుకోవచ్చు. కమిటీలో సెక్రటరీ తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఏడాదిన్నరలో బిల్డింగు లేచింది.

తెరిచిన రోజున వార్డు తలుపు దగ్గరినుంచి పరిశోధనశాల బల్ల దాకా ఎన్ని అడుగులో నేను లెక్కపెట్టాను. అరవై ఒకటి. ఒక నర్సు నెత్తురు గొట్టాన్ని చల్లారకుండా గుప్పిట్లో పట్టుకుని నా ముందునుంచే వెళ్ళింది. డాక్టరమ్మ దాన్ని అందుకుని, ఎవరినీ పలకరించకుండా లోపలికి పోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. రాతిఫలకం మీద పెద్దాయన పేరు ఒక్కటే ఉంది. పెద్దాయన రాయిస్తానన్నాడు, పెద్ద మనసే. మామయ్యే వద్దన్నాడు. "అడుగు పోగొట్టినవాడి పేరెందుకు సార్" అన్నాడట. ఎంత వినయం మా మామయ్యది అని పొంగిపోయాను నేను. నా తెలివికి దణ్ణం పెట్టాలి.

ఆ తర్వాత మామయ్య కొంచెం కొంచెంగా మారాడు. టేపు నా చేతికిచ్చి, నువ్వే చదువు అనేవాడు. నేను చదివితే, ఇంకోసారి చదువు అనేవాడు. ఇదివరకు ఒక్క గీతకు ఒక్కసారే స్కేలు పెట్టే మనిషి, మూడుసార్లు పెట్టి, తుడిచి, మళ్ళీ పెట్టేవాడు. ఒక మెట్ల నక్షా నెల రోజులు ఆయన బల్ల మీదే ఉండిపోయింది. ఇంట్లో గడియ పెట్టి పడుకుని, మళ్ళీ లేచి చూసొచ్చేవాడట. "ఈయనకి చాదస్తం ముదిరింది" అనేది అత్తయ్య. యాభై నాలుగో ఏట, ఇంకా ఎన్నో ఏళ్ళు చేయగలిగినవాడు, కళ్ళు సరిగా ఆనడం లేదని చెప్పి మానేశాడు. నేను ఆయన బల్ల దగ్గరికి మారాను. వయసు, అనుకున్నాను. యాభై నాలుగు ఒక వయసా? నాకూ ఇంకో అయిదేళ్ళలో అంతే.

ఈ ఇన్నేళ్ళలో ఆ అడుగు కథ నేను ఎంతమందికి చెప్పానో. మా ఆయనకు చెప్పాను, మా అమ్మాయిలకు చెప్పాను, నా కింద పనిచేసే పిల్లలకు ఏటా చెప్పాను. తప్పు నాదైతే తన నెత్తిన వేసుకున్న మామయ్య కథ. ఆయనకు తప్ప అందరికీ చెప్పాను. ఇద్దరికీ తెలిసిన సంగతి మళ్ళీ నోటితో అనడమెందుకని ఒక వంక. అసలు కారణం సిగ్గు.

పోయినేడు డాక్టరమ్మ పదవీ విరమణ చేస్తోందని పరిశోధనశాలలో చిన్న సభ పెట్టారు. మామయ్యను నేనే తీసుకెళ్ళాను. డెబ్భై ఎనిమిదేళ్ళు, చేతికర్ర, అయినా గుమ్మం దగ్గర ఆగి పైకి చూడటం మానలేదు. డాక్టరమ్మ మాట్లాడుతూ, ఈ గోడల మధ్య చదివిన నెత్తురు వల్ల ఎంతమంది పిల్లలు బతికి బట్టకట్టారో చెప్పింది. తర్వాత మామయ్యను చూపించి, "ఈయన లేకపోతే మేమంతా ఊరి బయట ఉండేవాళ్ళం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మామయ్య తల వంచుకుని కూర్చున్నాడు.

సభ అయ్యాక బిల్డింగుకీ వార్డుకీ మధ్య ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ గోడ మీద సగం దాకా ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని గుండె దిటవు చేసుకున్నాను.

"మామయ్యా, ఆ రోజు నన్ను కాపాడావు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నీతో ఆ మాట అనలేదు."

"ఏ రోజే?"

"ముగ్గు పోసిన రోజు. తప్పు నాదైతే నీ మీద వేసుకున్నావు కదా, పెద్దాయన ముందు."

"నీదేంటి? మర్చిపోయింది నేను కదా."

నేను నవ్వాను. ఇంకా నన్ను దాస్తున్నాడనుకున్నాను. "చాల్లే మామయ్యా, ఇంకా ఎవరున్నారని. జనరేటరు గది వెనక్కి దూరింది నేనేగా. నీ గుండీ తెగింది. నేను చదివి అరిచాను, నువ్వు కొక్కెం పట్టుకుని రాసుకున్నావు. ఒకటి తీసేయనిది నేను."

మామయ్య ఒళ్ళంతా నా వైపు తిప్పాడు. మెడ తిరగదు ఆయనకిప్పుడు.

"నువ్వు చదివావా" అన్నాడు.

"నేనే."

"నేను చదవలేదా?"

అప్పుడు తెలిసింది నాకు. ఆయన నన్ను కాపాడలేదు. ఆయనకు ఆ సంగతే గుర్తు లేదు. పుస్తకంలో రాత తనది, ఎప్పుడూ చదివేది తను, కాబట్టి తనే మర్చిపోయాడని నమ్మాడు. ఆ రోజు నా వైపు చూసిన చూపులో ఏ అర్థమూ లేదు. పక్కన నేనున్నాను కాబట్టి చూశాడు, అంతే.

"నా బుర్ర పనికి రాకుండా పోయిందనుకున్నానే" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఒక్కసారి కూడా మర్చిపోనిది, అంత పెద్ద పనిలో మర్చిపోయానంటే ఇక నన్ను నమ్మడానికి లేదనుకున్నాను. గీత గీస్తే భయం. ఏ మెట్టు ఎవర్ని పడేస్తుందో, ఏ గోడ ఎవరి మీద పడుతుందో అని. కళ్ళు బాగానే ఉండేవి నాకు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. తిట్టు మామయ్యా అన్నాను. కొట్టినా సరే అన్నాను. ఆయన విన్నట్టు లేదు. ఎదురుగా ఉన్న గోడను కింది నుంచి పై దాకా, పై నుంచి కిందికి చూస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట."

"లేదు మామయ్యా. నువ్వెప్పుడూ మర్చిపోలేదు."

తల ఊపాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కొంచెం ముందు చెప్పాల్సిందే పిల్లా" అన్నాడు, కోపం లేకుండా. "ఇంకో పదేళ్ళు గీసేవాణ్ణి."